గాజులక్క చూసిన దెయ్యాలు

మొన్న మధ్యాహ్నం మా మనవరాలూ దాని స్నేహితురాళ్ళూ మంచం మీద చేరి దెయ్యాల సినిమాల గురించి పోట్లాడుకుంటున్నారు. ఈ వారం ఎవరు ఏది చూశారు, దేనికి ఎన్ని మార్కులు, ఏది ముందు, ఏది వెనక. ఒకామె తెగ మెచ్చుకున్నదాన్ని ఇంకొకామె “ఆ దెయ్యం మేకప్ చూసి నవ్వాగలేదే” అని తీసిపారేసింది. మా పిల్ల ఊరుకుంటుందా? మొహం ఎర్రగా చేసుకుని వాదనకు దిగింది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటున్నాను.

“అమ్మమ్మని అడుగుదాం. నువ్వెప్పుడైనా దెయ్యం సినిమా చూశావా అమ్మమ్మా?” అంది మనవరాలు, ముసలిదాన్ని కాసేపు ఆటపట్టిద్దామని.

“మీకంటే ఎక్కువే చూశాను. గూడూరులో పడ్డ ఏ దెయ్యాన్నీ వదల్లేదు” అన్నాను.

ముగ్గురూ మంచం దిగి నా చుట్టూ చేరారు. “ఎట్లా ఉండేవి అమ్మమ్మా, అప్పటి దెయ్యాలు?”

చెప్పబోయి ఆగిపోయాను. నిజం చెప్పాలంటే, ఒకే ఒక్కసారి తప్ప నేను వాటిని కంటితో చూడలేదు. అన్నిటినీ గాజులక్క నోటి మీదుగా చూశాను.

ఆమెకు మంచి పేరే ఉండేది. ఆ పేరుతో పిలిచినవాళ్ళు మాత్రం మా ఊళ్ళో లేరు. పిల్లా పెద్దా అందరికీ గాజులక్కే. గూడూరు బజారులో వాళ్ళాయనకు చిన్న గాజుల అంగడి. ఆయన అంగట్లో కూర్చునేవాడు, ఈమె మలారం భుజాన వేసుకుని చిల్లకూరు చుట్టుపట్ల ఊళ్ళన్నీ తిరిగేది. మలారమంటే రంగురంగుల మట్టిగాజులు తాళ్ళకు గుచ్చి కట్టిన మూట. ఏళ్ళ తరబడి ఆ బరువు మోసి మోసి ఆమె ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉండేది. అందుకని నిలబడి మాట్లాడుతున్నా, ఏదో రహస్యం చెప్పడానికి మన వైపు వంగినట్టే కనిపించేది. పొట్టి మనిషి. తల మీద కొంగు జారనిచ్చేది కాదు. తాంబూలంతో ఎర్రబడ్డ నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకునేది కాదు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, అంటే అరవైల మొదట్లో, ఆమె మా వీధిలో అడుగుపెట్టిందంటే ఆడవాళ్ళందరూ చేతిలో పని చేతిలోనే వదిలి మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు. గాజులమ్మే మనిషి “గాజులోయ్” అని కేక పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. ఈమె కేక వేరు, ఆడవాళ్ళను ‘మే’ అని పిలిచే మా వైపు పిలుపుతో మొదలయ్యేది. “మే, కొత్తది పడిందంట! చూసినారా లేదా?” అనేది. ఆ పడింది గాజుల రకం కాదు, సినిమా. అందులోనూ దెయ్యం సినిమా. దేవుళ్ళ సినిమాలూ, అత్తాకోడళ్ళ ఏడుపుల సినిమాలూ ఆమె లెక్కలోకే వచ్చేవి కావు. “ఏడుపు మన ఇంట్లో ఉండాది గదా, టికెట్టు కొని ఏడ్చేదేంది?” అనేది.

మట్టిగాజు తొడగడం తేలికైన పని కాదు. కణుపులు నొక్కి, బొటనవేలు అరచేతిలోకి మడిచి, చెయ్యి మెత్తబడిన క్షణం చూసి ఎక్కించాలి. చెయ్యి బిగిస్తే గాజు పగులుతుంది, చర్మం గీసుకుంటుంది. గాజులక్క ఇందుకు సినిమా కథను వాడుకునేది. “బిస్మిల్లా” అని మొదటి గాజు చేతికి తాకించి కథ మొదలుపెట్టేది. పాడుబడ్డ మేడ, గాలికి కొట్టుకునే తలుపు, ఎవరూ లేని గదిలో ఉయ్యాల ఊగడం. మన చెయ్యి బిగుసుకుంటుంది. ఆమె గాజు అక్కడే ఆపేది. దెయ్యం వస్తుంది, మన వెనకే నిలబడుతుంది, ఊపిరి మెడకు తగులుతుంది. అప్పటికీ ఆమె కదిలేది కాదు. చివరికి “పోయింది మే” అనేది. మనం అమ్మయ్య అనుకునేసరికి గాజు మణికట్టు మీద ఉండేది.

ఆమె సినిమాలకు వేసే మార్కులు కూడా ఈ లెక్కలోనే ఉండేవి. ఒక్క గాజూ పగలకుండా ఊరంతటికీ తొడిగించిన సినిమా మొదటి రకం. చెప్తుండగా చేతులు బిగియక, ఆవులింతలు వస్తే అది పనికిరానిది. అన్నిటికంటే హీనమైనది ఇంకొకటి ఉండేది. కథ చివర్లో దెయ్యం ముసుగు తీస్తే లోపల ఆస్తి కాజేయాలనుకున్న బాబాయి బయటపడే సినిమా. ఆ రకం మీద ఆమెకు ఉన్న కోపం ఇంతా అంతా కాదు.

“అంతసేపూ గుండె అరచేతిలో పెట్టుకోని కూర్చున్నోళ్ళం పిచ్చోళ్ళమా? చివర్లో వాడొచ్చి, నేను మీ చిన్నాయన్ను అంటాడా? వాడి తెల్లదుప్పటి తగలెయ్య!”

మా ఎదురింటి వదినకు మాత్రం అటువంటి సినిమాలే ఇష్టం. “దెయ్యం లేదని తెలిస్తే నిమ్మళంగా నిద్ర పడుతుంది గదక్కా” అనేది.

“నిద్ర పట్టేదానికైతే ఇంట్లోనే పడుకో. బండి కట్టించుకోని గూడూరు దాకా ఎందుకొచ్చినావు?”

“అయినా నువ్వు మెచ్చుకున్న ఆ బావి సినిమా ఏం బాగుంది? దెయ్యం కనపడేలోపల మాకు ఆకలేసింది.”

“కనపడకుండా ఉండేదే గదే దాని గొప్ప! ఊరికే ఎదురొచ్చి పళ్ళికిలించే దానికి దెయ్యమెందుకు, మీ ఆయన చాలడా?”

అరుగంతా గొల్లుమనేది. వదిన మూతి ముడుచుకునేది. మళ్ళీ వారానికి గాజులక్క పక్కన చోటు కోసం అందరికంటే ముందు బండెక్కేది కూడా ఆ వదినే.

మా అత్త కోడళ్ళను సినిమాకు పంపే రకం కాదు. గాజులక్కతో అయితేనే పొమ్మనేది. మధ్యాహ్నం ఆటకు బండి కట్టించుకుని పోయేవాళ్ళం. హాల్లో ఆడవాళ్ళ వైపు చెక్క బెంచీలు, మగవాళ్ళకూ మాకూ మధ్య ఒక మొండిగోడ. బెంచీ నడుమ గాజులక్క, అటూ ఇటూ ఆమె చేతులు పట్టుకుని మేము. ఫిడేలు సన్నగా ఏడుపు మొదలుపెట్టగానే అందరి కొంగులూ మొహాల మీదికి వచ్చేసేవి. ఆ చీకట్లో గాజులక్క గొంతు ఒక్కటే వినిపించేది.

“వస్తుండాది... మెట్లు దిగతా ఉండాది... కాళ్ళు కనపళ్ళేదు మే... జుట్టు నేల మీద ఈడస్తా వస్తుండాది... దీపం కాడ నిలబడింది... తల తిప్పతా ఉండాది... మన దిక్కే... ఊదింది, దీపం ఆరిపోయింది... ఆఁ, పోయింది, పోయింది. తెరవండి.”

మేమే కాదు, ముందు బెంచీలో ఊరూ పేరూ తెలియని ఆడవాళ్ళు కూడా ఆమె తెరవండి అన్నాకే కళ్ళు తెరిచేవాళ్ళు. మా అందరి భయాన్నీ ఈ ఒక్క మనిషి చూసి పెడుతోంది కదా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. మా ఊళ్ళో ధైర్యమంటే మీసాల మీద చెయ్యి వేసుకునే మగవాళ్ళదని చెప్పుకునేవాళ్ళు. నాకు మాత్రం ధైర్యమంటే గాజులక్కే.

ఒకరోజు కొంగు ముక్కులోకి పోయి తుమ్మొచ్చింది. చప్పున కళ్ళు తెరిచాను. తెర మీద దెయ్యం ఉంది. మొహం నిండా పౌడరు కొట్టుకున్న ఆడమనిషి. జుట్టు నేల మీద ఈడ్చడం మాట దేవుడెరుగు, నున్నగా దువ్వి ముడి వేసుకుని ఉంది. పక్కన గాజులక్క మాత్రం “జుట్టు గాలికి ఎగరతా ఉండాది మే...” అంటోంది. ఏమిటా అని ఆమె మొహంలోకి చూశాను.

ఆమె కళ్ళు మూసుకుని ఉంది. మా అందరికంటే గట్టిగా మూసుకుంది. కనుబొమలు ముడిపడిపోయాయి, పైపెదవి మీద చెమట పట్టింది, ఒళ్ళు సన్నగా వణుకుతోంది. నోరు మాత్రం ఆగకుండా, తొణక్కుండా దెయ్యాన్ని మెట్లు దించుతోంది. ఫిడేలు ఆగిందాకా ఆగి “పోయింది, తెరవండి” అంది. మాతో పాటే తనూ కళ్ళు తెరిచింది.

నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎదురింటి వదిన ఆమెను బతకనివ్వదు. అదీకాక, ఆ రోజు నుంచి ఆమె నాకు ఇంకా దగ్గరిదైపోయింది. ఇంత పిరికి మనిషి ఇంతమందిని కూర్చోబెడుతోంది. తెర మీద ఉన్న దెయ్యం కంటే ఆమె చెప్పే దెయ్యమే బాగుందని కూడా తెలిసిపోయింది కాబట్టి, ఆ తర్వాత ఫిడేలు వినపడగానే నేను ఇష్టపడే కళ్ళు మూసుకునేదాన్ని.

ఇక్కడి నుంచి చెప్పడం కొంచెం కష్టం. అయినా ఇది చెప్పకపోతే ఆమె గురించి ఏమీ చెప్పనట్టే.

నాకు తల్లి లేదు. అందుకని తొలికాన్పు అత్తగారింట్లోనే జరిగింది. బిడ్డ ఏడవలేదు. మంత్రసాని తెల్లగుడ్డలో చుట్టి పెరటి వైపు నుంచి తీసుకుపోయింది. నాకు చూపించలేదు. చూస్తే బెంగ పెట్టుకుంటానని పెద్దవాళ్ళ ఉద్దేశం. మగబిడ్డో ఆడబిడ్డో అన్న మాట కూడా నా ఎదుట ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. అసలు నోరు విప్పడమే మానేశాను. ఏడుపు రాలేదు. పెట్టింది తినలేదు. ఒకరోజు ఉన్నట్టుండి లేచి రెండు చేతులూ గడప పక్క గోడకేసి కొట్టుకున్నాను. గాజులన్నీ పగిలి రాలిపోయాయి.

మా అత్త పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మొగుడు బతికుండగా ఇల్లాలు తన గాజులు తానే పగలగొట్టుకోవడం! అది నేను చేసిన పనంటే ఎవరు నమ్ముతారు? ఊరంతా ఒక్కమాట మీదికి వచ్చింది. కడుపుతో ఉండి దెయ్యం సినిమాకు పోయింది, తెర మీది దెయ్యం వెంటబడి వచ్చేసింది, బిడ్డను తిన్నది, ఇప్పుడు మొగుడి మీద కన్నేసింది. నవ్వకండి. ఆ రోజు ఆ మాటలో నవ్వడానికేమీ లేదు. మా అత్త చెడ్డది కాదు. ఉన్న ఒక్క కొడుకు కోసం వణికిపోయింది. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి.

ఆదివారం పొద్దున్నే భూతవైద్యుణ్ణి పిలిపించారు. అతను అంతకుముందు పక్క పల్లెలో ఒక పిల్లకు దెయ్యం దించుతానని వేపమండలతో, ఆపైన బెత్తంతో కొట్టిన సంగతి మా అందరికీ తెలుసు. ఆ పిల్ల మళ్ళీ సరిగ్గా నడవలేదు. నేను పచ్చి బాలింతరాలిని. వసారాలో ముగ్గు వేసి నన్ను కూర్చోబెట్టారు. అతను నా చేతులు చూసి, బోసి చేతుల ఇల్లాలిని ముగ్గులో కూర్చోబెడితే ఇంటి యజమానికి కీడని, ముందు గాజులు వేయించమని చెప్పాడు. అందుకని గాజులక్కకు కబురు పోయింది.

ఆమె వచ్చేసరికి వీధంతా మా వాకిట్లో ఉంది. ఆమెను చూడగానే మా అత్త విరుచుకుపడింది. “నీ వల్ల గాదా ఇదంతా? నీ సినిమాలు నాశనంగాను! నా కోడలికి దెయ్యాన్ని తగిలించినావు గదే!”

గాజులక్క వాకిట్లో జనాన్ని తప్పించుకుని వసారా ఎక్కింది. మలారం దించి నా ఎదురుగా కూర్చుంది. “బిస్మిల్లా” అని నా చెయ్యి అందుకుంది. నా వేళ్ళు పిడికిలి బిగించి ఉన్నాయి. పిడికిలికి గాజు ఎక్కదు.

“కానీ, ఎంతసేపు?” అన్నాడు వైద్యుడు.

“రెండు చేతులకూ నిండాల గదా సామీ. గాజులు తొడిగేటప్పుడు నడాన ఆపితే ఇంటాయనకు మంచిది గాదు. పెద్దమ్మా, నువ్వే చెప్పు, ఆపమంటావా?”

మా అత్త చప్పున వైద్యుడి వైపు తిరిగింది. “ఆగవయ్యా, తొడగనీ” అంది.

అప్పుడు గాజులక్క నా మీదికి ఇంకాస్త వంగింది. “కళ్ళు మూసుకో మే. నేను జెప్తా” అంది, హాల్లో మాట్లాడే ఆ గొంతుతోనే.

మూసుకున్నాను.

“పెరటి తలుపు తెరుచుకుంది. మంత్రసాని వస్తుండాది. చేతుల్లో తెల్లగుడ్డ. నేను చింతచెట్టు కాడ నిలబడుండా, నీకు గాజులు తెచ్చిన రోజు గదా. గాలికి గుడ్డ తొలిగింది మే. మొగపిల్లోడు. జుట్టు దండిగా ఉండాది, నల్లగా, తడిగా నుదుటికి అంటుకోని ఉండాది. ఆ నుదురు నీదే. ముక్కు మీ ఆయనది. చెయ్యి గుడ్డలోంచి బయటికొచ్చింది, ఇట్టా పిడికిలి పట్టుకోని ఉండాడు, నీ మాదిరే. మొహంలో నొప్పేం లేదు మే. పాలు తాగి నిద్రపోయినట్టుండాడు. దాటుకోని పోతుండారు... మలుపు తిరిగినారు...”

ఆమె గాజు నా కణుపుల దగ్గరే ఆపి పట్టుకుంది.

“పోయినాడు మే.”

నా పిడికిలి విడిపోయింది. గాజు ఎక్కింది. కడుపులో ఎక్కడి నుంచో ఏడుపు తన్నుకొచ్చింది. అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది.

“అదిగో, ఏడుస్తుండాది! పట్టుకోండి దాన్ని!” అంటూ వైద్యుడు బెత్తం ఎత్తాడు.

కళ్ళు తెరిచాను. గాజులక్క మలారం మొత్తం తీసి నా ఒళ్ళో వేసి, దాని మీద రెండు చేతులూ పరిచి అడ్డంగా వంగి ఉంది. “కొట్టు సామీ. నా చేతుల మీద పడితే పర్లేదు. మలారం మీద పడితే ఈ ముగ్గులో, ఈ ఇంట్లో, గాజు పెంకులు ఏరుకోవాల్సింది పెద్దమ్మ. నేను చూసినన్ని దెయ్యాల్ని నువ్వు చూసుండవు. ఏ దెయ్యమూ బిడ్డ కోసం ఇట్టా ఏడవలేదు. ఇది తల్లి ఏడుపు.”

ఆమె పైపెదవి మీద అదే చెమట. కళ్ళు మాత్రం రెప్ప వేయకుండా ఆ బెత్తం వైపు చూస్తున్నాయి.

“చాల్లే, పోవయ్యా” అంది మా అత్త. వచ్చి ముగ్గులోనే నా పక్కన కూలబడింది. మనవడి కోసం తను కూడా అప్పటిదాకా ఏడవలేదని అప్పుడే నాకు తెలిసింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే గాజులక్క మిగిలిన గాజులు తొడిగింది. ఒక్కటి కూడా పగల్లేదు.

ఆమె వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. ఎవరూ వినకుండా అడిగాను. “అక్కా, వాణ్ణి నువ్వు నిజంగా చూసినావా? కళ్ళు తెరిచే చూసినావా?”

హాల్లో సంగతి నాకు తెలుసని ఆమెకు అర్థమైంది. మలారం భుజానికి ఎత్తుకుంటూ నా మొహంలోకి చూసింది.

“తెరిచే చూసినా మే. హాల్లో మాదిరి గాదు.”

నమ్మాను. ఆ మంత్రసాని తర్వాత నా మిగతా కాన్పులకూ వచ్చింది, చాలా ఏళ్ళు బతికింది. ఆ రోజు చింతచెట్టు కింద ఎవరైనా ఉన్నారా అని ఒక్కమాట అడిగి ఉండొచ్చు. అడగలేదు. నా పెద్దకొడుకంటే నాకు వాడే. జుట్టు దండిగా, నల్లగా ఉండేది. నుదురు నాది.

గాజులక్క ఆ తర్వాత కూడా మమ్మల్ని సినిమాలకు తీసుకుపోయింది. మా అత్త కూడా ఒకటి రెండుసార్లు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. చాలా ఏళ్ళ తర్వాత గూడూరు బజారులో ఆమె కూతురు నాకు గాజులు తొడుగుతూ అమ్మ పోయిందని చెప్పింది. నా చెయ్యి బిగుసుకుపోయింది. ఆ పిల్ల తల్లిలాగే గాజు అక్కడే ఆపి, నా చెయ్యి మెత్తబడిందాకా ఓపిగ్గా కూర్చుంది.

“అమ్మమ్మా, చెప్పవే! ఎట్లా ఉండేవి దెయ్యాలు?” అని మనవరాలు మోకాలు పట్టి ఊపింది.

చిక్కుడుకాయల చాట పక్కన పెట్టాను. మెట్లు దిగే దెయ్యాన్ని చెప్పాను. కాళ్ళు లేవని, జుట్టు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చిందని, దీపం దగ్గర ఆగి తల తిప్పిందని చెప్పాను. ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. మా పిల్ల కళ్ళు మూసుకుంది.

“నిజంగా చూశావా అమ్మమ్మా?” అంది, కళ్ళు తెరవకుండానే.

“కళ్ళు తెరిచే చూశాను” అన్నాను.

నమ్మింది.